పక్క రియాక్టరు అంకె

నేనొక రేకు డబ్బాను. ముందువైపు తీగలు బిగించే మరలు, లోపల ఒక సర్క్యూట్ పలక. మీ మనుషులంటే నాకు గిట్టదు. ముందే చెప్పేస్తున్నాను.

నన్ను బెంగళూరులో తయారుచేసి అనకాపల్లి దగ్గర ఒక రసాయనాల ఫ్యాక్టరీకి అమ్మారు. రియాక్టర్ల వేడిని కొలిచి తెర మీద చూపించడం నా పని. తీగలు చాలా, కొలిచే చిప్పు ఒక్కటే. చవగ్గా కావాలన్నారు మరి. అందుకే ఒక్కో తీగనూ వంతులవారీగా కొలుస్తాను. ఏదైనా తీగ తెగితే, అంతకు ముందు కొలిచిన తీగ విద్యుత్తు నాలో కాస్త మిగిలి, తెగినదాని దగ్గర కూడా ఆ అంకే కనిపిస్తుంది. చేసినవాళ్లు ఈ సంగతి చెప్పే పంపారు. వినేదెవరు?

ఒక మధ్యాహ్నం మూడో రియాక్టరు తీగ తెగింది. తెర మీద రెండో రియాక్టరు వేడే మూడోదిగా కనబడింది. మేనేజరు సన్యాసినాయుడు అది చూసి, "ఇంకా వేడెక్కలేదు, ఆవిరి పెంచండి" అని కేకేశాడు.

కొలత పరికరాలు చూసే ఇంజనీరు హైమకూ అతనికీ మొదట్నుంచీ పడదు.

"నాయుడు గారూ, రెండోది ఎటు కదిలితే మూడోదీ అటే కదులుతోంది. ఆవిరి ఆపించండి."

"నీ డబ్బాకి దెయ్యం పట్టిందేటమ్మా? బ్యాచ్ పాడైపోతే నువ్వు సమాధానం చెప్తావేటి?"

హైమ రెండో తీగ పీకేసి, అది బిగించిన రెండు మరలనూ చిన్న తీగముక్కతో కలిపింది. అలా కలిపితే నేను గది వేడే చూపిస్తాను. రెండో అంకె అక్కడికి పడిపోయింది. వెంటనే మూడోదీ పడింది.

"చూశారా? మూడోదాని అసలు వేడి మనకెవరికీ తెలీదు. ఆ రియాక్టరు పైన ఆపరేటరు పైడిరాజు ఉన్నాడు!"

నాయుడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "నా మాట లేకుండా వాల్వు తిప్పితే మళ్లీ గేటు లోపలికి రానివ్వను."

ఆమె అతన్ని తోసుకుని పరిగెత్తింది. పైడిరాజును కిందికి దింపేసి, ఆవిరి కట్టేసి, చన్నీళ్లు వదిలింది. అప్పటికే పైకప్పు అదిరేలా సేఫ్టీ వాల్వు కూత పెడుతోంది. కూత ఆగేదాకా ఆమె అక్కడే ఉంది. మనిషి దక్కాడు, సరుకు గడ్డకట్టింది.

విచారణలో లోపమంతా ఈ డబ్బాదేనన్నాడు నాయుడు. పెద్దలు తలూపారు. మేనేజరు మాట కాదని సరుకు పాడుచేసిందని హైమను ఉద్యోగంలోంచి తీసేశారు. నన్ను షెడ్డు వెనక ఇనుప తుక్కులో పడేశారు. ఇక్కడికి అన్నీ వినపడతాయి.

ఈ ఉదయం పైడిరాజు రియాక్టరు మెట్ల కింద కూర్చున్నాడు.

"హైమమ్మ వచ్చి చూసి సరే అంటేనే ఎక్కుతాను."

మిగతా ఆపరేటర్లూ ఒక్కొక్కరే వచ్చి అతని పక్కన చేరారు. నాయుడు తిట్టాడు, బెదిరించాడు. చివరికి గొంతు తగ్గించి, ఆవిడ ఫోన్ నంబరు ఎవరి దగ్గరుందని అడిగాడు.

"ఫోన్ కాదు, ఇంటికెళ్లి పిలవండి" అన్నాడు పైడిరాజు. నంబరు అందరి దగ్గరా ఉంది. ఎవరూ చెప్పలేదు.