ఫ్యూజు మంచిగనే ఉన్నది

పన్నెండేండ్లు మస్కట్‌ల బిల్డింగులకు కరెంటు పని చేసి కాగజ్‌నగర్ తిరిగొచ్చినంక నాకొక జబ్బు అంటుకున్నది. ఎవరింట్ల కూసున్నా సరే, చాయ తాగుకుంట స్విచ్చుబోర్డు దిక్కు చూసి పెదవి విరుస్తుంటి. "ఈ వైరింగు ఎవరు చేసిండ్రు?" అని అడుగుతుంటి. వాళ్ళు పేరు చెప్పంగనే "ఆఁ" అని ఊకుంటుంటి. ఆ "ఆఁ"ల నా మస్కట్ అంత ఉంటుండె.

నా పేరు వెస్లీ. మా చర్చి వాళ్ళు పల్లెలల్ల ఇంటి ప్రార్థనలు పెడితే మైకుసెట్టు నేనే తీస్కపోత. నడుమల కరెంటు పోతే మైకు బందైతుండె. దానికి ఉపాయం చేసిన. నా పాత చిన్న కారు బ్యాటరీ తీసేసి, మైకును గూడ నడిపే పెద్ద బ్యాటరీ తెచ్చిన. అది బానెట్ కింద పట్టలే, డిక్కీల పెట్టిన. డిక్కీ నుంచి ఇంజను దాక పది అడుగుల మందపు తీగ, కార్పెట్ కిందికెల్లి, సీట్ల కిందికెల్లి గుంజిన. ఇంజను కాడ, స్టార్టరు పక్కన, ఆ తీగకు పెద్ద ఫ్యూజు వేసిన.

ఆ ఫ్యూజు మీద నాకు పెద్ద కొడుకు మీద ఉన్నంత ప్రేమ. ఆదివారం ఆరాధన అయినంక చర్చి ముంగట బానెట్ లేపి అందరికి చూపిచ్చిన. "ఏడన్న షార్టైతే ఇది టక్కున కాలిపోతది, బండికి ఏం కాదు" అన్న. పాస్టరు అద్దాలు సదురుకొని వంగి చూసి "మంచిది వెస్లీ" అన్నడు. ఆయనకు సమజ్ కాలే. నాకు అంతకన్న సమజ్ కాలేదని నాకు అప్పుడు తెల్వదు.

జనవరిల, ఆసిఫాబాద్‌ల మా షడ్డకుడు కొత్త ఇల్లు కట్టుకొని ప్రార్థన పెట్టిండు. మా అత్త మగ్దలేనమ్మ చెన్నూరు నుంచి ముందు రోజే మా ఇంటికొచ్చింది. పొద్దుగాల తొమ్మిదింటికి బయలెల్లినం. ముందట నా భార్య ఏంజెల్, వెనుక సీట్ల అత్త, డిక్కీల మైకుసెట్టు, రెండు స్పీకరు డబ్బాలు, వాటి కింద నా బ్యాటరీ. అత్తకు కాళ్ళు చాపుకోను జాగ కావాలని నేనే ఏంజెల్ సీటును ముందటికి జరిపిచ్చిన. సీటు జరిగే ఇనుప పట్టా కింద గరగరమన్నది. పాత బండి గదా అనుకున్న.

మా అత్త నాతోని ఎదురుగ మాట్లాడదు. ఏమున్నా బిడ్డకు చెప్తది, బిడ్డ నాకు చెప్తది. సగం దూరం పోయినంక మెల్లగ అన్నది, "ఏంజెలూ, కాళ్ళ కింద జర వెచ్చగున్నది బిడ్డా."

ఏంజెల్ నా దిక్కు చూసింది. "ఇంజను వేడి," అన్న. "చలికాలం గదా, మంచిదే."

కొద్దిసేపటికి అత్త చెప్పులు ఇడిచి కాళ్ళు సీటు మీదికి ముడుచుకున్నది. అద్దంల నాకు కనబడ్డది. ఆరాంగ కూసున్నది, నేను బండి మంచిగ నడుపుతున్న అనుకున్న.

ఆసిఫాబాద్ ఊర్లకొచ్చినం. ఒక స్పీడుబ్రేకరు మీద బండి ఎగిరి దిగంగనే ఇంజను ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటు లేదు. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

నేను దిగి సీదా ఏడికి పోయిన? బానెట్ కాడికి. లేపి, ఫ్యూజు మూత తీసి, వంగి చూసిన. కొత్తదాని లెక్క మెరుస్తుంది.

"ఫికర్ లేదు. ఫ్యూజు మంచిగనే ఉన్నది," అన్న.

"పొగ వెనుకకెల్లి వస్తుంది," అన్నది ఏంజెల్. అప్పటికే ఆమె వాళ్ళ అవ్వను చెయ్యి పట్టి కిందికి దించింది. అత్త చెప్పులు లోపలనే ఉన్నయి, కార్పెట్‌కు అంటుకొని.

నేను ఫ్యూజును ఇంకొకసారి చూసిన. అది కాలలేదంటే షార్టు కాలేదని నా మస్కట్ చదువు. పొగ ఉండొద్దు. ఉన్నది.

రోడ్డు అవుతల బ్యాటరీల దుకాణం ఉండె. అందులకెల్లి అరవయ్యేండ్ల మనిషి, చీర కొంగు నడుముకు దోపుకొని, చేతుల పానా పట్టుకొని వచ్చింది. గంగుబాయి. మరాఠీ మనిషి, అన్నా అననీకి ఎవర్నైనా భావూ అంటది.

"బ్యాటరీ యాడున్నది భావూ?"

"డిక్కీల."

"మరి నువ్వు గాడ ఏం చూస్తున్నవ్?"

డిక్కీ తెరిచినం. స్పీకరు డబ్బాలు నేను, ఏంజెల్ గుంజి రోడ్డు పక్కన పడేసినం. గంగుబాయి ముందుగాల మైనస్ దిక్కు బోల్టు విప్పింది. తీగ లేవంగనే లోపల చిటపట ఆగిపోయింది. తర్వాత కార్పెట్ లేపింది. ఏంజెల్ సీటు పట్టా నా తీగ తోలును కోసి రాగిని బండి ఇనుముకు నొక్కింది. ఆ జాగ నుంచి డిక్కీ దాక తోలు నల్లగ ఉబ్బింది. మా అత్త కాళ్ళు పెట్టింది సరిగ్గ దాని మీదనే.

"నేను మస్కట్‌ల పన్నెండేండ్లు కరెంటు పని చేసిన," అన్న. ఎందుకన్ననో తెల్వదు. ఎవ్వరు అడగలే.

"గట్లనా," అన్నది గంగుబాయి. "ఫ్యూజు ఎందుకేసినవ్?"

"స్టార్టరును కాపాడనీకి."

"ఫ్యూజు స్టార్టరు కోసం కాదు భావూ, తీగ కోసం. చెరువుకు తూము యాడ పెడతరు? కట్ట కాడ. నువ్వు మడి కాడ పెట్టినవ్. నడుమ కాలువకు గండి పడితే మడి కాడ మూసి ఏం ఫాయిదా? ఈ పది అడుగులకు కావలి ఎవరు?"

ఏంజెల్ నా దిక్కు చూడలే. అదే ఆమె చేసిన పెద్ద మేలు.

గంగుబాయి పని నాతోనే చేయిచ్చింది. కాలిన తీగ తీసేసి కొత్తది గుంజిన. సీటు పట్టా తాకకుంట అంచుకు జరిపి, గట్టి పైపుల దూర్చిన. రేకుకు బొక్క ఉన్న కాడల్ల రబ్బరు తొడిగిన. ప్లస్ బోల్టు నుంచి జానెడు దూరంలనే కొత్త ఫ్యూజు పెట్టిన. పెద్ద నంబరుది తీయబోతే నా చెయ్యి పట్టింది.

"తీగ ఎంత మోస్తదో దానికి తక్కువదే వెయ్యాలె. లేకుంటే ఫ్యూజు బతుకుతది, తీగ సస్తది."

బ్యాటరీ కదలకుంట పట్టీ బిగిచ్చి, మైనస్ ఆఖరికి కట్టిన. "ముందటి ఫ్యూజు తీసెయ్యాల్నా?" అని అడిగిన, చిన్నగ.

"ఉండనీ. ఇంజను నడిచేటప్పుడు ఆల్టర్నేటరు దిక్కు నుంచి వచ్చే కరెంటుకు పనికొస్తది."

నా పెద్ద కొడుకుకు ఆ మాత్రం కొలువు దొరికింది.

మేము పోయేటాళ్లకు ప్రార్థన సగమైంది. మైకు లేకున్నా పాటలు గల్లీ దాక వినబడుతున్నయి. సాక్ష్యాల టైముల మా అత్త లేచింది, వట్టి కాళ్ళతోని. "మా బండికి నిప్పు అంటుకుంటుండె. దేవుడు కాపాడిండు. మా అల్లుడు హుషారు మనిషి, ఎమ్మటే సదిరిండు," అన్నది. అందరు నా దిక్కు తిరిగిండ్రు. ప్రార్థనకొచ్చిన మా పాస్టరు తలూపిండు.

ఊకుంటే అయిపోతుండె. కాని కాళ్ళు ముడుచుకొని కూసున్న ఆమె, అల్లుడు చిన్నబోతడని మళ్ళ నోరు మెదపని ఆమె, నాకే మెప్పు ఇస్తుంటే నా మొకం కాలింది. లేచిన.

"సదిరింది నేను కాదు, గంగుబాయి. పాడు చేసింది నేను. ఫ్యూజు ఉండాల్సింది బ్యాటరీ పక్కన, నేను పెట్టింది ఇంజను పక్కన. అత్తమ్మ కాళ్ళ కింద వెచ్చగున్నదంటే చలికాలం మంచిదే అన్న."

ఎనుక ఎవరో నవ్విండ్రు. తర్వాత అందరు నవ్విండ్రు. పాస్టరు పుస్తకం మొకానికి అడ్డం పెట్టుకున్నడు.

భోజనాల కాడ భానుప్రసాద్ అనే ఆయన నా పక్కకొచ్చి కూసున్నడు. ఊరేగింపులకు సౌండుబాక్సుల జీపు నడుపుతడంట. "అన్నా, నా బ్యాటరీ కూడా వెనుకనే ఉన్నది. ఫ్యూజు ముందట ఉన్నది," అన్నడు మెల్లగ. తిన్న చేతులు కడిగి ఇద్దరం జీపు కిందికి దూరినం. ఆయన తీగ కూడా ఒక కాడ తోలు పోయి రాగి కనబడుతుంది. నేను "ఆఁ" అనలే. ముందుగాల మైనస్ విప్పి, ఆయనను గంగుబాయి దుకాణానికి తోలుకపోయిన.

మరునాడు మా అత్త చెన్నూరు పోతనన్నది. బండి తీస్త అన్న. ఆమె ఈసారి బిడ్డ దిక్కు చూడకుంట సీదా నాకే చెప్పింది, "వద్దు అల్లుడా, బస్సుల పోత. కిటికీ కాడ గాలి మంచిగొస్తది."

బస్టాండు దాక ఆమె సంచి నేనే మోసిన. నడుసుకుంట.