ఖాళీ బండి, నిండిన ట్యాంకు

వాల్వు లాగగానే నీలం నీళ్ళు రావాలి. శుక్రవారం పొద్దున ఫ్రెంచి మొగుడూ పెళ్ళాలు అద్దె బండి ఖాళీ చేసి వెళ్ళాక వేదవల్లి దాని కక్కూసు ట్యాంకును మూడు సార్లు కడిగింది. ట్యాంకు నుంచి దొడ్లో గుంటలోకి పోయే గొట్టం మొదట్లో అద్దంలాంటి ప్లాస్టిక్ వంపు ఒకటి ఉంటుంది, అందులో నీళ్ళు తేటగా కనబడేదాకా కడిగింది. చివర ఒక బకెట్ నీళ్ళు లోపల పోసి వాల్వు మూసింది. అడుగు ఎండితే మిగిలిందంతా గట్టిపడి అంటుకుంటుంది, అందుకని ఎప్పుడూ కాసిని నీళ్ళు ఉంచుతుంది. ఈసారి ఆ నీళ్ళలో తెల్లబట్టలకు వేసే నీలిమందు కలిపింది. కావాలనే కలిపింది. ఇవాళ బుధవారం. ఈ అయిదు రోజులూ బండిలోకి ఎవరూ రాలేదని మొగుడు గుణశేఖర్ చెప్పాడు. వాల్వు లాగింది. గొట్టం బరువెక్కి కదిలింది. వంపులోంచి పోయినవి నీలం నీళ్ళు కావు.

ఆ బండి ఇంటికొచ్చి రెండేళ్ళు. సునామీ మరుసటి సంవత్సరం, యూరప్ నుంచి కారు వెనక దాన్ని తగిలించుకుని రోడ్డు మీద వచ్చిన ముసలి దొర ఒకడు, తిరిగి లాక్కెళ్ళే ఓపిక లేక గుణశేఖర్‌కి అంటగట్టి విమానమెక్కాడు. లోపల రెండు పరుపులు, చిన్న పొయ్యి, కుర్చీలా కూర్చునే కక్కూసు. ఆ కక్కూసు కింద ట్యాంకు. వైతికుప్పం దగ్గర ఇంటి వెనక జాగాలో బండిని నిలబెట్టి, సముద్రపు గాలి అని చెప్పి తెల్లవాళ్ళకు అద్దెకిస్తున్నాడు. బోర్డు మీద పేరు ఆయనది. ట్యాంకు ఈమెది.

"పనోణ్ణి పెడితే ఊరంతా చాటుతాడు, ఈ ఇంటోళ్ళు దొరల పెంట అమ్ముకోని తింటాండారు అని. నువ్వైతే గుట్టుగా ఉంటాది" అన్నాడు మొదట్లో. పైగా, "నీ బిడ్డ గుడ్డలు ఉతకలేదా? ఇదీ అట్లనే అనుకో" అన్నాడు. ఆడదానికి పని అంటగట్టేటప్పుడు గుర్తొచ్చినంత బాగా మగవాడికి బిడ్డ ఇంకెప్పుడూ గుర్తురాదు. ఒకసారి అతిథులు ఉన్నన్నాళ్ళూ వాల్వు తెరిచే ఉంచాడు, ఎప్పటికప్పుడు పోతుందిలే అని. నీళ్ళు పోయాయి, గట్టిది లోపల గుట్టగా నిలబడింది. రెండు రోజులు కర్రతో పొడిచి కరిగించింది వేదవల్లి. "ఏందే అంతసేపు?" అని గోడ అవతలి నుంచి ముక్కు మూసుకుని కేకేశాడు.

ఇక అత్త కమలమ్మాళ్. "తల మీద పోసుకోకుండా వంటింట్లోకి రావద్దు మే. ఊరగాయ జాడీ ముట్టుకునేవు!" ఆ బండి నీడ పడితే కాళ్ళు కడుక్కునే మనిషి. ఈ మధ్య కోడలు వడ్డించిన అన్నం సగమే తిని లేస్తోంది. నా చెయ్యంటే అసహ్యం, అంతే కదా అనుకుంది వేదవల్లి.

అనుమానం మొదలై మూడు వారాలైంది. బండి లోపల గోడకి నాలుగు చిన్న లైట్లుంటాయి, ట్యాంకు నిండే కొద్దీ ఒక్కొక్కటే వెలుగుతాయి. మనుషులు లేని బండిలో రెండో లైటు వెలిగింది. "లోపల కాగితం అంటుకోని ఉంటాది, లైటు అబద్ధం చెప్తాది" అన్నాడు గుణశేఖర్. నిజమే, లైట్లు అబద్ధం చెబుతాయి. ఆ సంగతి ఆయనకు నేర్పిందే ఈమె. అందుకే లైట్లను నమ్మడం మాని నీలిమందు వేసింది.

ఇప్పుడిక వంక లేదు. పైగా దొరలైతే కాగితం రావాలి. ఒక్క ముక్క లేదు. చెంబులకొద్దీ నీళ్ళు. అంటే మనవాళ్ళే. తలుపు తీస్తే లోపల సాంబ్రాణి వాసన. తలంటుకున్న జుట్టుకు పట్టే సాంబ్రాణి! ఏ జుట్టుకు? గుణశేఖర్ మీసానికి రంగు వేస్తున్నాడు. సెల్‌ఫోన్ మోగితే వీధిలోకి పోయి మాట్లాడుతున్నాడు. బండి తాళంచెవి ఒకటి ఆయన జేబులో, రెండోది హాల్లో క్యాలెండరు వెనక మేకుకు. వేదవల్లి రోజూ మధ్యాహ్నం ఉప్పళంలో దర్జీ కొట్టుకు పోయి జాకెట్లకు హుక్సులు కుట్టి నాలుగింటికి వస్తుంది. ఆ మూడు గంటలు ఎవరివి? పక్కింటి అంబుజం ఊరుకుందా? "ఏం వేదక్కా, మద్యానం మీ బండి కిటికీ తెర మూసుండాదే. అన్నకి లీవా?" అని పళ్ళన్నీ చూపించింది.

నిజమని తేలిన రోజు నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని ఏంబలంలో అన్న ఇంటికి పోవాలి. ఆ మాట మనసులో గట్టిగా అనుకుంది. ట్యాంకు కడుగుతూ అనుకుంది. అంటే, ఆయన ఇంకొకతెతో కులుకుతుంటే కింద కూర్చుని కడిగేది తానా?

గురువారం కొట్టుకు పోతున్నానని చెప్పి బయలుదేరి, వీధి చివర నుంచి వెనక్కి తిరిగి అంబుజం మిద్దె ఎక్కింది. ఎండ నెత్తిని మాడుస్తోంది. గుణశేఖర్ స్కూటర్ కోసం వీధి వైపు చూస్తూ కూర్చుంది. రెండింటికి వెనక తలుపు చప్పుడైంది. తిరిగి చూసింది. మొదట చేతికర్ర బయటికి వచ్చింది.

వెనకే కమలమ్మాళ్. రెండో చేతిలో ఇత్తడి చెంబు. అటూ ఇటూ చూసి, కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది. బండి మెట్టు ఆమెకు మోకాలెత్తు. ఎక్కలేక, వెనక్కి తిరిగి మెట్టు మీద కూర్చుని, చేతులు ఊని, పాకుతున్న బిడ్డలా వెనక్కి వెనక్కి జరుగుతూ లోపలికి పోయింది. కిటికీ తెర పడింది.

వేదవల్లి ఇంకో ఆడది దొరుకుతుందని కాచుకుంది. దొరికింది ఆడదే.

ఆమె దిగి వచ్చి బండి ముందు నిలబడింది. లోపల అగ్గిపుల్ల గీసిన చప్పుడు, వెనకే సాంబ్రాణి బిళ్ళ వాసన. తలుపు తెరిచిన ముసలామె కోడల్ని చూసి చెంబు జారవిడిచింది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తా?"

"నెలాయె." ఆమె మెట్టు మీదే కూలబడింది. "దొడ్లో కూసుంటే మోకాళ్ళు లేవవు మే. ఒక దినం నువ్వు కొట్టు నుంచి వచ్చేదాకా గోడ పట్టుకోని అట్లనే ఉండిపోయినా. నీ అడుగుల చప్పుడు విని ఎట్లనో లేచినా."

"మీ కొడుక్కి చెప్పొచ్చు కదా?"

"చెప్పినా. ఇంట్లో ఒక కుర్చీ కక్కూసు పెట్టరా అంటే, సావబోయే వయసులో దొరసాని సోకులేందిమా అని నవ్వినాడు."

"మరి నాకి?"

"ఏ మొగం పెట్టుకోని? తల మీద పోసుకోని రమ్మన్న నోరే కదా ఇది. కడిగేది నువ్వు, నాది కడుగుతాండావు. ఆ చేత్తోనే వడ్డిస్తే కూడు యాడ దిగుతాది మే, సిగ్గుగా, వెక్కంగా ఉండదా?"

వేదవల్లికి కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. రెండేళ్ళ తలస్నానాలు, ముట్టుకోనివ్వని జాడీలు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. మొగుడు తప్పు చెయ్యలేదని తెలిసినందుకు గుండె తేలిక పడాలి కదా, అదీ పడలేదు. ఇంకొకతె ఉండి ఉంటే ఏంబలం పోవడం సులువు. తెల్లవాళ్ళ కోసం దూరదేశపు కక్కూసును ఇంటి వెనక నిలబెట్టినవాడు, కన్నతల్లికి ఇంట్లో ఒక్క కుర్చీ వెయ్యలేదు. పెళ్ళాన్ని పెంటలో కూర్చోబెట్టి, తల్లిని దొంగను చేసి, తాను గోడ అవతల ముక్కు మూసుకున్నాడు. వచ్చిన కోపం కాసేపు తచ్చాడి చివరికి తన ఇల్లు తాను వెతుక్కుంది. వేదవల్లి వంగి అత్త చంకలో చెయ్యి వేసి లేపింది. ఆ చెయ్యి వద్దనలేదు ముసలామె.

సాయంత్రం అయిదున్నరకు గుణశేఖర్ స్కూటర్ ఆపి, చొక్కా గుండీలైనా విప్పకుండానే అడిగాడు. "రేపు పొద్దున కొత్త దొరలొస్తాండారు. ట్యాంకు చూసినావా?"

"రారు. ఫోన్ చేసి వద్దన్నా. బండిలో ఇంటి మనుషులుండారని చెప్పినా."

"ఏందే పరాచికమా? ఎవురా మనుషులు?"

"మీ అమ్మ. ఇంట్లో కుర్చీది పెట్టేదాకా ఆ బండి ఆమెది."

గుణశేఖర్ వరండాలో కూర్చున్న తల్లి వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. ఇద్దరూ కలిసి ఏదో పన్నారని అనుమానం పట్టింది. "నీకెవరు నూరిపోసినారే ఇదంతా? అమా, ఏంది ఇది? నిజమేనా?" కమలమ్మాళ్ తల ఊపింది. ఆయన తేరుకుని అన్నాడు. "సరే, ఉండనీ. నీ అత్తే కదా, పరాయిదా? పోయి కడుగు."

"పరాయోళ్ళది కాబట్టి గుట్టుగా కడిగినా. కన్నతల్లిదానికి గుట్టెందుకు? వీధి చూస్తాంటే కొడుకు కడగొచ్చు, పరువు పెరుగుతాదే గాని పోదు. రండి, వాల్వు యాడుందో చూపిస్తా."

"నేనా!"

గుణశేఖర్ తల్లి వైపు తిరిగి నిలబడ్డాడు, ఇప్పుడు అరుస్తుంది, కోడల్ని ఒక్క మాటతో కూర్చోబెడుతుంది అని. కమలమ్మాళ్ చేతికర్రను గోడకు ఆనించి, కొడుకును కింది నుంచి పైదాకా చూసింది.

"చొక్కా ఇప్పి పోరా గుణా. మరకైతే ఉతికేది మళ్ళీ ఇదే."