పన్నెండడుగుల పాస్టరుగారు

మా సరస్సులో ఉన్న మొసలిని నేను పాస్టరుగారు అంటాను. ఆదివారం పొద్దున్నే ఒడ్డెక్కి నోరు తెరిచాడంటే ఇక ఎంతకీ ముగించడు. ఇరవై రెండేళ్ళ పరిచయం మాది. అలాంటివాణ్ణి చంపించమని పక్కింటి మెరిడిత్ వన్యప్రాణి శాఖకి ఫోన్ చేసిందంటే నాకు ఒళ్ళు మండదా?

ఒహాయో నుంచి వచ్చి ఆర్నెల్లు కాలేదు మహాతల్లి.

"నీళ్ళ పక్కన ఇల్లు కొనుక్కుని మొసలి ఉందని ఏడిస్తే ఎలాగమ్మా? చేపల్ని కూడా ఖాళీ చేయించమంటావా?" అని కడిగేశాను.

"మొసలి ఉన్నందుకు కాదు బెర్నీస్ గారూ. అది మనుషుల్ని చూసి పారిపోవట్లేదు, దగ్గరికొస్తోంది. అదీ నా భయం."

నేను మాట మార్చేశాను.

నాలుగడుగులు దాటినదాన్ని మా ఫ్లోరిడాలో ఎక్కడికీ తీసుకెళ్ళి వదలరు. పట్టడమంటే చంపడమే. మొసలిని పట్టే పర్మిట్‌తో ఆ శాఖ తరఫున వచ్చినవాడు ఎమెట్, మా చర్చి పిల్లాడే, నా చేతి బిస్కెట్లు తిని పెరిగినవాడు. అయితే ఏం? "ఒరేయ్, నీళ్ళలోకి కట్టుకున్న నా చెక్కవంతెన దగ్గర దాని మీద చెయ్యి వేశావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్నాను. ఇంటివాళ్ళు ఒప్పుకోనిదే వాడు ఏమీ చెయ్యడానికి లేదు. పాపం, మెరిడిత్ వాళ్ళ ఒడ్డున గేలానికి ఆవు ఊపిరితిత్తి గుచ్చి, పడవలో కాపు కాశాడు. మూడు రోజులైనా పాస్టరుగారు దానివంక కన్నెత్తి చూళ్ళేదు. నాకు లోపల పండగే పండగ.

మూడోనాటి సాయంత్రం పడవని నా వంతెన పక్కకి తెచ్చాడు ఎమెట్.

"పిన్నీ, దీనికెవరో తిండి పెడుతున్నారు."

"నాకేం తెలుసురా? నన్నడుగుతావేం?"

ఎందుకు తెలియదు! మా ఆయన చనిపోయిన ఏడాది నుంచీ పెడుతున్నదాన్ని నేనే. వంతెన చెక్క మీద అరచేత్తో మూడు దెబ్బలు కొడితే చాలు, వచ్చేస్తాడు. తెల్లటి, మెత్తటి మార్ష్‌మెలో మిఠాయిలు నీళ్ళ మీద వేస్తే ఒక్కొక్కటే ఎంత సుతారంగా అందుకుంటాడో! మొసలికి తిండి పెట్టడం నేరమని ఒడ్డునే బోర్డుంది. మిఠాయే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఎమెట్ వచ్చాక, గేలం జోలికి పోకుండా ఉంటాడని ఇంకో సంచీ ఎక్కువే పెట్టాను.

అప్పుడే వినపడింది. టప్, టప్, టప్.

మెరిడిత్ తన వంతెన చివర నీళ్ళ వైపు వంగి, తోటపని చేసిన బూట్లు చెక్కకేసి కొడుతూ మట్టి దులుపుతోంది. చెవుల్లో పాటలు. నడి సరస్సులోంచి రెండు కళ్ళు, ఒక ముక్కు నేరుగా ఆమె వైపు బయల్దేరాయి.

"మెరిడిత్! లే! లెయ్యవే!"

ఆమెకి వినపడితేనా! ఎమెట్ ఇంజను తాడు లాగాడు, అంటుకోలేదు. మొసలి ఆమెకి ఇంకో ఇరవై అడుగుల్లో ఉంది.

నేను మోకాళ్ళ మీద కూలబడి అరచేత్తో చెక్కని బాదాను. ఒకటి. రెండు. మూడు.

ఆ తల ఆగింది. తిరిగింది. తిన్నగా నా దగ్గరికే వచ్చేశాడు. చేతికందేంత దూరంలో ఆగి నోరు తెరిచాడు. అవతల మెరిడిత్ అప్పుడు చూసి, కెవ్వుమని ఒడ్డుకి పరిగెత్తింది.

ఎమెట్ చేతిలో తాడు కట్టిన బల్లెం ఉంది. కానీ విసరలేదు, నా వంక చూశాడు.

"పిన్నీ?"

వద్దంటే వాడు వెళ్ళిపోతాడు. రేపు ఇంకో వంతెన మీద ఇంకెవరో మేకు కొడతారు, ఇంకెవరి పిల్లో గెంతుతుంది. వీడు మిఠాయికనుకుని వెళ్తాడు.

"కానియ్‌రా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. వాడికి వినపడింది.

పాస్టరుగారు చివరిదాకా నా చేతులవంకే చూస్తున్నాడు. బల్లెం దిగాక చాలాసేపు తోకతో నీళ్ళని బాదాడు. తర్వాత ఒక్క తూటా. నేను కళ్ళు మూసుకోలేదు, ఆ హక్కు నాకు లేదనిపించింది.

టేపు పెట్టి కొలిచి, పన్నెండడుగుల రెండంగుళాలు అన్నాడు ఎమెట్. తడి చేతులు తుడుచుకుని కాయితం తీశాడు. మెరిడిత్ వచ్చి నా పక్కన నిలబడి, నా భుజం పట్టుకుంది.

"తిండి పెట్టినవాళ్ళెవరు అని ఒక గడి ఉంది పిన్నీ. ఖాళీగా వదిలేస్తున్నాలే" అన్నాడు వాడు మెల్లగా.

"వదలకు. బెర్నీస్ హాల్టమ్ అని రాయి" అన్నాను, మెరిడిత్‌కి కూడా వినపడేలా. "వాణ్ణి చంపింది నేనురా, నువ్వు కాదు."