ఎడమ సీట్లో ఇసుక

ఆరో ఇసుక బస్తా ముందు సీట్లో పడేసి, తల బయటికి పెట్టి, "అబ్బాయి ఎన్ని కిలోలుంటాడండీ?" అని అడిగాడు డిగ్రీ.

పళ్ల డాక్టరు నీళ్లు నమిలాడు. అంతకు ముందే భార్య బరువెంతని అడిగితే చెవిలో చెప్పాల్సి వచ్చింది. కారు చక్రాల వాలు సరిచేయడానికి ఇంటిల్లిపాది బరువులతో ఏం పనో ఆయనకు అంతుబట్టలేదు. సాయం కోసం కౌంటరు వైపు చూశాడు. అక్కడ ఓనరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, చెప్పేదాకా వదలడు సార్, చెప్పేయండి అన్నాడు. ముప్పై రెండని తేలింది. మూడు పది కిలోల బస్తాలు, వాటి మీద రెండు కిలోల రెంచి వేసి, డిగ్రీ కారు కిందున్న గుంతలోకి దిగాడు.

పదో తరగతి మూడుసార్లు తప్పినవాడికి ఆ పేరు పెట్టింది ఓనరే. నోరు తెరిస్తే పావు డిగ్రీ లోపలికి, అర డిగ్రీ బయటికి అనడం తప్ప వేరే మాట రాదని పెట్టాడు. కొత్తగా వచ్చినవాళ్లు నిజంగానే చదువుకున్నాడనుకుని చివర గారు తగిలిస్తారు. యాభై ఆరేళ్ల మనిషి. ఒంట్లో సగం కాళ్లే. గుంతలో కూర్చుంటే మోకాళ్లు చెవుల దగ్గరికి వస్తాయి. ఒక కన్ను మూసి చక్రాల్ని చూసి చూసి ఎడమ కనుబొమ్మ కాస్త కిందికి జారిపోయింది. ఎదటి మనిషిని చూసినా అలాగే చూస్తాడు, వాడెటు వాలి ఉన్నాడా అన్నట్టు.

పని మటుకు చూడముచ్చటగా చేస్తాడు. చక్రాన్ని పట్టి ఉంచే రెండు బోల్టులు వదులు చేస్తాడు. పలుగు ఊతంతో చక్రం తలని వెంట్రుకవాసి లోపలికి నెడతాడు. చక్రానికి అంటించిన గేజీలో బుడగ గీత మీదికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, వచ్చాక బోల్టు బిగిస్తాడు. చక్రం తల కొంచెం లోపలికి వాలి ఉంటే మలుపులో టైరు నేలని పట్టుకుంటుంది. మరీ వాలితే లోపలి అంచు అరిగిపోతుంది. బయటికి వాలిందా, బండి మలుపులో చెప్పిన మాట వినదు. ఇదంతా మిగతా షాపులవాళ్లకీ తెలుసు. కానీ వాళ్లు ఖాళీ బండికి చేస్తారు. మనుషులెక్కితే స్ప్రింగులు కుంగి ఆ వాలు కాస్తా మారిపోతుంది. అందుకే ఎక్కబోయే మనుషులెంత బరువో అంత ఇసుక వేస్తేగాని డిగ్రీ బోల్టు ముట్టుకోడు. ఖాళీ బండికి వాలు పెట్టడమంటే కొక్కేనికి తగిలించిన చొక్కాకి కొలతలు తీసినట్టేనని అతని భార్య అంటుంది. ఆమె కుట్టుపని చేస్తుంది.

ఇవాళ చేతులు మాట వినడం లేదు. బిగించిన బోల్టునే మళ్లీ వదులు చేశాడు. గేజీ ఒక చక్రానికి పెట్టి ఇంకో చక్రాన్ని నెట్టాడు. మధ్యలో రెండుసార్లు గుంతలోంచి పైకొచ్చి, పనేమీ లేకుండా రోడ్డు దాకా వెళ్లి, గోడ గడియారం చూసుకుంటూ వచ్చి మళ్లీ దిగాడు. కాలుగాలిన పిల్లిలా ఏమిటయ్యా అని ఓనరు విసుక్కున్నాడు. అయినా మామూలు రోజుల్లో కూడా అతను కుదురుగా ఉండేదేం లేదులే అనుకుని ఊరుకున్నాడు.

ఒంటిగంటకి అతని భార్య కారు తీసుకుని వస్తుంది. వాలు సరిచేయించుకుని అటునుంచటే కొండ మీది ఊరికి వెళ్లిపోతుంది. అక్కడ ఆడపిల్లల హాస్టల్లో కుట్టుపని నేర్పే ఉద్యోగం దొరికింది. ఉండడానికి రెండు గదులు కూడా ఇస్తారు.

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. డిగ్రీకి తిట్టే నోరు లేదుగాని, తిరిగే కాళ్లు మాత్రం రెండూ ఉన్నాయి. ముప్పై ఏళ్లలో పదకొండు షాపులు మారాడు, తొమ్మిది ఇళ్లు ఖాళీ చేశాడు. ఎక్కడైనా రెండేళ్లయ్యేసరికి అరికాళ్లు దురద పెట్టేవి. గొడవేమీ ఉండేది కాదు, ఓనరు మంచివాడే అయ్యేవాడు, అయినా ఓ పొద్దున లేచి సామాను కట్టమనేవాడు. ఆమె అతని మేనమామ కూతురే, చిన్నప్పట్నుంచీ ఎరిగిందే. కిక్కురుమనకుండా కర్టెన్లు దించి, కొత్త ఇంటి కిటికీల కొలతకి కత్తిరించి కుట్టేది. ఇప్పుడుంటున్న పదో ఇంటికొచ్చేసరికి ఆ కర్టెన్లు చేతిరుమాళ్లంత అయ్యాయి. ఈ షాపులో మాత్రం ఆరేళ్లు నిలిచాడు. ఎందుకు నిలిచాడో అతనికే తెలీదు.

ఉద్యోగం కాగితం వచ్చిన రోజు ఆమె ఒకే మాట చెప్పింది. అక్కడి ఇల్లు తను మళ్లీ ఖాళీ చేయదట. నువ్వు పద, నేను వెనకాలే వస్తానన్నాడు. ఎప్పుడని ఆమె అడగలేదు, ఎప్పుడో అతను చెప్పలేదు. నెల రోజులుగా ఒక్క మాట కోసం చూస్తున్నాడు. రా బావా అని ఒక్కసారి అంటే చాలు, పానాలన్నీ ఇక్కడే పడేసి వెళ్లిపోతానని ప్రతి పూటా తనకు తాను చెప్పుకున్నాడు. ఆమె అనలేదు. ఒంటిగంట కావడానికి ఇంకో పావుగంట ఉంది.

ఆమె పది నిమిషాలు ముందే వచ్చింది. బూడిద రంగు చిన్న కారు. వెనక సీటంతా పెట్టెలు, పరుపుచుట్ట, ఇత్తడి సామాను. పైన తాళ్లతో కట్టిన కుట్టుమిషను, కాలితో తొక్కే ఇనప స్టాండుతో సహా. ఎడమవైపు ముందు చక్రం తల బయటికి వాలిపోయి దూరానికే కనిపిస్తోంది. ఏడాది కిందట గోతిలో పడ్డప్పటిది. ఊరందరి బళ్లూ సరిచేసినవాడికి తన బండికి తీరిక దొరకలేదు. బండి మలుపులో నా మాట వినట్లేదని ఆమె పోయిన వారం చెప్పింది. ఇన్నేళ్లు నీ దగ్గరే ఉందిగా, నీ తీరే అబ్బింది అని కూడా అంది.

డాక్టరుగారి కారు పంపేసి దాన్ని గుంత మీదికి ఎక్కించారు. ఆమెను స్టీరింగు పట్టుకుని కదలకుండా కూర్చోమన్నాడు. ఆమె యాభై రెండు కిలోలు, అడగక్కర్లేకుండానే అతనికి తెలుసు. వెనకున్న సామాను బరువు ఎటూ ఉండనే ఉంది, దానికి ఇసుక అక్కర్లేదు. చకచకా ఏడు బస్తాలు మోసుకొచ్చి పక్క సీట్లో పేర్చి, మీద రెండు కిలోల రెంచి వేసి, గుంతలోకి దిగాడు. పొద్దున్నుంచీ మాట వినని చేతులు అప్పుడు కుదుటపడ్డాయి. వదులు చేయడం, నెట్టడం, బుడగ చూడడం, బిగించడం. తలకి ఒక మూరెడు పైన ఆమె పాదాలున్నాయి. ఇరవై నిమిషాలు ఇద్దరూ కదలకుండా ఒకే చోట ఉన్నారు. అతనికి చాలా హాయిగా అనిపించింది.

"ఈ బస్తాలు ఎవరివి?" అని పైనుంచి అడిగింది ఆమె.

డిగ్రీ బోల్టు మీది చెయ్యి తీయలేదు. ఆలోచించి వేసినవి కావు. ఈ కారు ఎప్పుడు చూసుకున్నా ఎడమ సీట్లో డెబ్బై రెండు కిలోలు పెట్టి చూడడమే అతనికి అలవాటు. పైకి లేచి, కిటికీ దగ్గర నిలబడి, చేతులు తుడుచుకున్నాడు.

"నావి," అన్నాడు.

ఆమె నవ్వింది. ఎగతాళిగా కాదు. "ఇసుక వస్తానంటే తీసుకెళ్తా. నువ్వొస్తావా బావా?"

నెల రోజులుగా ఎదురుచూసిన మాట అదే. తీరా వచ్చేసరికి అతను లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. కొండ మీద ఎన్ని కార్లుంటాయి? పట్టుమని పదుంటే గొప్ప. చేతికి పని లేకుండా ఆ రెండు గదుల్లో ఎన్నాళ్లు కూర్చోగలడు? ఏడాదికి అరికాళ్లు దురద పెడితే? ఆ ఇల్లు కూడా ఖాళీ చేద్దామంటాడు, ఆమె చేయనంటుంది. లేకపోతే, అంతకంటే ఘోరం, సరేనంటుంది. తన మీద తనకే భయం వేసింది. అది ఆమె మీద ప్రేమో, వట్టి పిరికితనమో తేల్చుకునే వ్యవధి లేదు. ఆమె చూస్తూ ఉంది.

"ఈ సీజను దాటనీ," అన్నాడు.

ఓనరు కౌంటరు దగ్గర తల ఎత్తి, ఇంకొక్క కారు కూడా లేని షెడ్డును చూసి, మళ్లీ తల దించుకున్నాడు.

"అయితే తీసెయ్," అంది ఆమె. "లేని మనిషిని లెక్కేసి బిగిస్తే మలుపులో అవస్థ పడేది నేను."

బస్తాలు ఒక్కొక్కటే దించాడు. దించుతుంటే ఎడమవైపు కారు కొద్దికొద్దిగా పైకి లేచింది. గేజీలో బుడగ గీత దాటి పక్కకి జరిగింది. మళ్లీ మొదట్నుంచీ చేయాలి. అప్పుడు గాని అతనికి కారు నెత్తి మీద మిషను గుర్తు రాలేదు. పైన బరువు పెట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కితే ఎంత వాలు సరిచేసినా బండి ప్రతి మలుపులో ఒరుగుతుంది. ఎవరి కారైనా అతను ఒప్పుకోడు, ఇది ఒప్పుకుంటాడా? దాన్ని కిందికి దించాల్సిందేనన్నాడు. వెనక సూది మోపే చోటు లేదు. హాస్టల్లో మిషన్లుంటాయి కదా, దీన్ని ఇక్కడే ఉంచెయ్యకూడదా అని అడిగి చూశాడు. తొమ్మిది ఇళ్లు తిరిగిన మిషను, నా కాలి లెక్క దానికి తెలుసు, రాకపోతే ఎలా అందామె. ఎడమ సీటు మీద పెట్టి చూశారు. స్టాండు ఎత్తుకి తలుపు పడలేదు.

ఆ సీటు తీసేస్తేగాని మిషను పట్టదు.

సీటుకి నాలుగు బోల్టులు. పధ్నాలుగో నంబరు పానా తెచ్చి తనే విప్పాడు. ఎవరో మెడ పట్టుకుని చేయిస్తున్నట్టు చేశాడు గాని, పని మాత్రం శుభ్రంగా చేశాడు. సీటును ఎత్తి గోడ పక్కన పెట్టాడు. ఆ ఖాళీలో మిషను అచ్చంగా సరిపోయింది. కదలకుండా తాళ్లతో నాలుగు వైపులా కట్టాడు. మిషను ముప్పై ఎనిమిది కిలోలు. ఆ బరువు మీద మళ్లీ బోల్టులు వదులు చేసి, చక్రం తల పావు డిగ్రీ లోపలికి తెచ్చి బిగించాడు. బిగించాక ఇంకోసారి బిగించి చూశాడు.

పని అయ్యాక ఏ కారునైనా దాని మనిషే నడపాలి, డిగ్రీ పక్కన కూర్చుని, ముందున్న డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, మలుపులో బండి ఏమంటోందో వినాలి. అది అతని పద్ధతి. ఇవాళ కూర్చోవడానికి చోటు లేదు. ఆమె ఒక్కతే వీధి చివర మలుపు తిరిగి, అవతలి వీధిలోంచి చుట్టూ తిరిగి వచ్చింది. అతను రోడ్డు మీద నిలబడి చూశాడు. కారు గీత గీసినట్టు తిరిగింది.

ఇంజను ఆపకుండానే కిటికీ దించింది. మాట వింటోంది బావా, అంది. వాన పడితే మెల్లిగా పొమ్మన్నాడు. టైర్లలో గాలి వారానికోసారి చూసుకొమ్మన్నాడు. చీకటి పడకముందే కొండ ఎక్కేయమన్నాడు. ఆమె అన్నిటికీ తల ఊపింది. చేయి బయటికి చాపి, అతని కనుబొమ్మ మీద అంటిన గ్రీజు బొటనవేలితో తుడిచి, గేరు వేసింది.

కారు కనబడకుండా పోయాక డిగ్రీ లోపలికి వచ్చాడు. బస్తాలు మూల పేర్చాడు. పేర్చినవాటిని తీసి ఇంకో మూల పేర్చాడు. నీళ్లు తాగాడు, రోడ్డు దాకా వెళ్లాడు, వచ్చాడు. బస్సుంది కదయ్యా, వెళ్లరాదూ అని ఓనరు మెల్లిగా అన్నాడు. వెళ్తా, వెళ్తా అన్నాడు డిగ్రీ. గోడ పక్కకి వెళ్లి ఆ సీట్లో కూర్చున్నాడు, ముళ్ల మీద కూర్చున్నట్టు వెంటనే లేచాడు. బయట ఏదో కారు హారను వినిపిస్తే అటు పరిగెత్తాడు.

గోడకి ఆనించిన సీటు మీద, ఎన్నేళ్లుగానో వెనక జేబులో స్క్రూడ్రైవరుతో కూర్చుని కూర్చుని అతను చింపిన చోట, పాత కర్టెను గుడ్డతో ఆమె వేసిన అతుకు ఉంది, కుట్టు ఎక్కడా ఊడకుండా.