చిటికెడు ఉప్పు, రెండడుగుల నీడ

నేను ఒక ఎద్దుకొమ్మును. జానెడు కంటే కొంచెం పొడుగు, కొస దగ్గర వంపు, నోటికి రాగి మూత. సముద్రపు ఒడ్డు నుంచి కృష్ణ ఒడ్డుకు ఉప్పు బళ్లు లాగిన ఎద్దు తల మీద పుట్టాను. ఆ ఎద్దు సామక్కది. బళ్లు తోలే ఆడమనిషి, మాట గరుకు, చెయ్యి పెద్దది. ఎద్దు ముసలిదై చచ్చిపోతే ఆమె మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు నన్ను దువ్వెనలు చేసేవాడి దగ్గరికి తీసుకెళ్లి గీకించి, నునుపు చేయించి, మూత పెట్టించింది. కాటుక నింపుతుందేమో, నూనె పోస్తుందేమో అనుకున్నాను. ఉప్పు పోసింది.

"బతికినన్నాళ్లూ ఉప్పే మోసింది. చచ్చినాక మాత్రం దానికి వేరే పనేముంది?" అంది.

నన్ను ఇచ్చింది నాగతిస్సుడనే భిక్షువుకు. కొండ కింద విహారం నుంచి ఊళ్లోకి భిక్షకు వస్తూ ఎండకు కళ్లు తిరిగి ఆమె బండి ముందే పడిపోయాడు. ఉప్పు నీళ్లు తాగించి లేపింది. "మందని ఉంచుకో సామీ. మళ్లీ పడ్డావంటే తొక్కుకుంటూ పోతా" అని నన్ను చేతిలో పెట్టింది. మందుగా ఉప్పు దగ్గర ఉంచుకోవచ్చని భిక్షువుల నియమాల్లోనే ఉంది. అంతవరకు ఏ గొడవా లేదు.

నాగతిస్సుడి గదిలో ఇంకొకాయన ఉండేవాడు, పాలితుడు. ఇద్దరిదీ ఒకే ఊరు. ఇద్దరూ ఒకే రోజు దీక్ష తీసుకున్నారు. అయితే భిక్షువుల్లో ఒక పద్ధతి ఉంది. దీక్ష పూర్తయిన క్షణంలో నీడ కొలుస్తారు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది వయసును బట్టి కాదు, ఆ నీడను బట్టి. పాలితుడి దీక్ష ముందు అయింది, నాగతిస్సుడిది నీడ రెండడుగులు జరిగాక అయింది. అందుకని ఇతను ఆయన్ని పెద్దరికమిచ్చి 'భంతే' అని పిలవాలి, ఆయన ఇతన్ని తమ్ముడన్నట్టు 'ఆవుసో' అంటే చాలు.

"రెండడుగుల నీడకు ఎంత గౌరవం గుంజుతున్నావు భంతే!" అని నవ్వేవాడు నాగతిస్సుడు.

"నీడ నాది కాదు ఆవుసో, సూర్యుడిది. నువ్వు మొక్కేది ఆయనకే" అనేవాడు పాలితుడు. పన్నెండేళ్లు ఆ నవ్వు విన్నాను.

పదమూడో ఏట ఒకరోజు భిక్షలో చావు జరిగిన ఇంటి అన్నం వచ్చింది. చప్పిడి. నాగతిస్సుడు నా మూత తీసి తన పాత్రలో చిటికెడు ఉప్పు వేసుకున్నాడు. పాలితుడు కళ్లు మూసుకుని దాతలను తలుచుకుంటున్నాడు. నాగతిస్సుడు చూసి, ఆయన పాత్రలో కూడా చిటికెడు వేశాడు. అడగలేదు. అన్నదమ్ములు అడుగుతారా?

పాలితుడు సగం తిన్నాక గాని గ్రహించలేదు. మందుగా అయితే ఉప్పు ఉంచుకోవచ్చు. రుచి కోసం దాచి అన్నంలో కలుపుకుంటే అది రేపటికి తిండి దాచినట్టే. పాలితుడు నియమాలన్నీ నోటికి చెప్పగలవాడు. వెంటనే లేచి ఒక పెద్ద భిక్షువు ముందు గొంతుక్కూర్చుని, చేతులు జోడించి తన తప్పు చెప్పుకున్నాడు. ఆ పద్ధతి ఎంత చిన్నదో చెబితే మీరు నమ్మరు. "చూస్తున్నావా?" అని తప్పు గురించి అడుగుతారు. "చూస్తున్నాను" అనాలి. "ఇకమీదట జాగ్రత్త" అంటారు. అయిపోయింది.

తిరిగి వచ్చి, "ఇక నువ్వు కూడా చెప్పేసెయ్ ఆవుసో" అన్నాడు.

"ఉప్పే గదా భంతే!"

"ఉప్పే. ఒప్పుకోని తప్పుంటే పున్నమినాడు నియమాలు వల్లించేటప్పుడు నా పక్కన కూర్చోలేవు. అందుకని అడుగుతున్నా."

నాగతిస్సుడు నా మూత బిగించాడు. "నా పాత్రలో వేసుకున్నది తప్పంటే ఒప్పుకుంటా. నీ పాత్రలో వేసింది తప్పని నా నోటితో ఎట్లా అననూ?" అన్నాడు.

ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. అక్కడే నాకు దిగులు పట్టుకుంది.

ఇద్దరి మధ్య ఉన్నంతకాలం అది ఉప్పు. పదిమంది చెవిన పడేసరికి ధర్మమైంది. బుద్ధుడు పోయిన నూరేళ్లకు వైశాలిలో ఏడు వందల మంది పెద్దలు కూర్చుని పది తప్పులు తేల్చారనీ, వాటిలో మొట్టమొదటిది కొమ్ములో ఉప్పేననీ ఒకరు చదివారు. స్థవిరులు, మహాసాంఘికులు అని సంఘం రెండుగా చీలింది ఆ తగాదాతోనే అని ఒకరు, కాదు దానికి కారణం వేరని ఇంకొకరు. అక్కణ్ణుంచి పద్దెనిమిది శాఖల పేర్లూ వరసగా వచ్చాయి. నేను మేకుకు వేలాడుతూ వింటున్నాను. నా జాతికి ఇంత చరిత్ర ఉందని తెలిసి గర్వపడలేదు. సిగ్గుపడ్డాను.

పున్నమికి అందరూ ఒకచోట కూర్చుని నియమాలు వల్లించాలి. ఒక్క సీమలో, అంటే ఒకే పొలిమేర లోపల ఉన్నవాళ్లలో ఒక్కడు వేరుగా కూర్చున్నా ఆ వల్లింపు చెల్లదు. కాబట్టి సీమనే రెండు చేశారు. విహారం మధ్య రాళ్లు పాతారు. అటు పాలితుడి వాళ్లు, ఇటు నాగతిస్సుడి వాళ్లు. రెండు మందిరాలు, రెండు స్తూపాలు.

సామక్క రెండు కుండల్లో జావ తేవాల్సి వచ్చింది. "ఏంది సామీ ఈ చోద్యం? తోడికోడళ్లు పొయ్యిలు వేరు పెట్టుకున్నట్టు! వాళ్లకైనా మొగుళ్లుంటారు సర్దిచెప్పను" అని రెండు వైపులా వినబడేటట్టే అనేది.

పదకొండేళ్లు గడిచాయి. వైశాఖంలో ఒక పొద్దున సామక్క ఉరుక్కుంటూ వచ్చింది. "సామీ, రాళ్లకవతల మీ పెద్దాయనకు వాంతులు, బేదులు. ఒళ్లు చల్లబడతా ఉంది. ఉప్పు కలిపి జావ పట్టాలి. నా బండ్లు ఇంకా దారిలో ఉన్నయ్. నీ దగ్గర ఉంది గదా, పట్టకరా. నేను పోయి జావ కాస్తా."

నాగతిస్సుడు నన్ను మేకు నుంచి తీసి పరుగులాంటి నడక నడిచాడు. సీమరాయి దగ్గర ఆగాడు.

దాటకూడదన్న నియమం ఎక్కడా లేదు. కానీ, తప్పు ఒప్పుకోవడానికి వచ్చాడంటారేమో. మందంటే తీసుకుంటారు, ఈ కొమ్ములోదంటే తీసుకుంటారో లేదో. అటునుంచి ఒక్కరు పిలిస్తే బాగుండు. అతని చేతి చెమట నాకు తగులుతోంది. గొంతుంటే అరిచేదాన్ని. అతను నిలబడినంతసేపట్లో ఆ రాతి నీడ రెండడుగులు జరిగింది.

జావ ముంతతో సామక్క వెతుక్కుంటూ వచ్చింది. "ఇక్కడేం చేస్తన్నావయ్యా? నా ఎద్దు ముసలిదైనాక కూడా ఇంతకంటే పెద్ద రాళ్లు దాటింది!"

అప్పుడు దాటాడు. లోపల పాలితుడి ముఖం మీద అప్పుడే వస్త్రం కప్పుతున్నారు. ఒక శిష్యుడు మెల్లగా, "మీరొచ్చారా అని రెండుసార్లు అడిగారు. రాలేదన్నాం" అన్నాడు.

నాగతిస్సుడు ఆ పక్కన గొంతుక్కూర్చున్నాడు. నన్ను నేల మీద పెట్టి చేతులు జోడించాడు. "భంతే, రుచి కోసం ఉప్పు దాచాను. అది తప్పు. నీకు చెప్పుకుంటున్నాను" అన్నాడు. 'చూస్తున్నావా?' అని అడగవలసిన నోరు అడగలేదు.

శిష్యులవైపు తిరిగాడు. "మీరు మా సీమవారు కాదు. మేం వినకూడదు" అన్నారు తల దించుకుని. ఇవతలికి వచ్చి తనవాళ్లను అడిగాడు. "అది తప్పే కాదని కదా మనం వేరుపడింది. ఇప్పుడు తప్పని ఎట్లా వింటాం?" అన్నారు. పద్దెనిమిది శాఖలున్న లోకంలో ఆ చిన్న మాట దించుకోవడానికి అతనికి ఒక్క చెవి దొరకలేదు.

పాలితుడి అస్థికల మీద చిన్న స్తూపం కట్టేటప్పుడు, పునాదిలో నన్ను పెట్టమని సామక్క చేతికిచ్చాడు. ఉప్పుతోనే పెట్టింది.

కొమ్ము ఎన్నాళ్లుంటుంది మట్టిలో? నేను కరిగిపోయి చాలా కాలమైంది. ఉప్పు నాకంటే ముందే కరిగింది. తవ్వినవాళ్లకు దొరికింది నా రాగి మూత ఒక్కటే, ఇప్పుడు నేనంటే అదే. దాన్ని మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టి, 'కాటుక భరిణె మూత కావచ్చు' అని చీటీ అంటించారు. పక్కన బోర్డు మీద, ఇక్కడి రెండు మందిరాలు రెండు శాఖలవనీ, వాటి మధ్య లోతైన సిద్ధాంత భేదాలు ఉండేవనీ రాశారు. ఉండేవేమో. చదువుకున్నవాళ్లు రాసినదాన్ని కాదనడానికి నేనెంత? నేను చూసింది మాత్రం చిటికెడు ఉప్పు.

మొన్న ఒక పెద్దావిడ చెల్లెలి చెయ్యి పట్టుకుని వచ్చింది. చెల్లెలికి కంటి ఆపరేషన్ అయినట్టుంది, నల్లద్దాలు పెట్టుకుని ఉంది. అక్క ఆమెను అద్దం దగ్గరికి వంచి అడిగింది.

"చూస్తన్నావా?"

"ఆ, చూస్తన్నానక్కా."

"ఇక పద. మెట్టుంది, జాగ్రత్త."

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగి వెళ్లిపోయారు.