తేటబడిన నీళ్ళు

నగరిలో నూలుకు రంగులేసే మునిరత్నానికి టీబీ అని చిత్తూరు డాక్టరు తేల్చి చెప్పాడు. కొత్తగా వచ్చిన ఎర్ర మాత్రలు రాసిచ్చాడు. తొమ్మిది నెలలు ఒక్క పూట కూడా తప్పకూడదన్నాడు. నయమయ్యేదాకా పక్క, కంచం, గ్లాసు అన్నీ వేరుగా ఉండాలన్నాడు. మునిరత్నానికి ఆ చివరి మాటే గుచ్చుకుంది. పెళ్ళయిన పాతికేళ్ళలో పెంచలమ్మ పక్కన లేకుండా అతను అన్నం తిన్నది లేదు.

మరునాడు పొద్దున్నే దొడ్లోంచి కేక పెట్టాడు.

"పెంచలమ్మా! ఒంటేలుకు పోతే నెత్తురు పడతా ఉండాది!"

ఆమె వచ్చి వంగి చూసింది. రంగుల తొట్లలో మొగుడితో సమానంగా చేతులు నానిన మనిషి.

"ఇది నెత్తురు కాదయ్యా. నువ్వు ఇన్నేండ్లు పిండిన రంగు. లోపల ఇంకిందంతా మాత్ర కడిగి బయటికి తోస్తా ఉండాది."

ఆ మాట మునిరత్నం తలకు బాగా ఎక్కింది. రంగేసిన నూలును నీళ్ళలో జాడిస్తే మొదట నీళ్ళు ఎర్రబారతాయి. తేటనీళ్ళు వచ్చాయంటే పని అయిపోయినట్టే. ఒళ్ళయినా అంతే కదా! చెమటకు చొక్కా ఎర్రబడినా నవ్వుకున్నాడు. డాక్టరును అడగాలని ఇద్దరికీ తోచలేదు. వెన్న చేతిలో పెట్టుకొని నేతికోసం ఊరంతా తిరిగేదెవరు?

మందు మొదలుపెట్టిన ఆరో నెలలో, ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి స్వామి కొండకు కావడెత్తుకొని పోయాడు. మాత్రల పొట్లం ఇంట్లోనే మరిచాడు. నాలుగో రోజు తిరిగొచ్చేసరికి, ఒంటేలుకు పోతే ఎర్రగా పడే నీళ్ళు తేటబడ్డాయి. అంతా స్వామి దయ అన్నాడు. పెంచలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మిగిలిన మాత్రలు చూరులో దోపి, తన చాప తెచ్చి అతని చాప పక్కన పరిచింది. ఆ పూట ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. మునిరత్నానికి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

కార్తీకంలో దగ్గు మళ్ళీ పట్టుకుంది. ఈసారి నిజంగానే నెత్తురు పడింది. ఇద్దరూ చిత్తూరు బస్సెక్కారు.

"మందు ఎందుకు మానినావు?" అన్నాడు డాక్టరు.

"నీళ్ళు తేటబడినాయి సామీ. లోపలి రంగంతా పోయిందనుకున్నాను."

"ఆ రంగు మాత్రదయ్యా. మింగినన్నాళ్ళూ ఎర్రగానే వస్తుంది, మానితే పోతుంది. దాన్నిబట్టి రోగం పోయిందని ఎట్లా అనుకున్నావు? నేనైనా ముందే చెప్పాల్సింది."

మునిరత్నం తల వంచుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నమ్ముకున్న పని తనను ఇట్లా ముంచుతుందనుకోలేదు. చాలా బాధ కలిగింది.

"మళ్ళీ మొదటి నుంచి మింగుతా సామీ. ఎన్నాళ్ళయినా యేరేగానే పడుకుంటా."

చీటీ రాస్తున్న డాక్టరు చెయ్యి ఆగింది. తలుపు బయట బెంచీ మీద పెంచలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని దగ్గుతోంది.

"ఆమెకు ఎన్నాళ్ళ నుంచి?"

"నెల దాటింది సామీ. చలికి వచ్చిందనుకున్నాము."

డాక్టరు ఇంకో చీటీ ముందుకు లాక్కున్నాడు.

"ఆమె పేరు చెప్పు."

"పెంచలమ్మ. ఒకే కంచంలో తిన్నాము సామీ," అన్నాడు మునిరత్నం.