నీరుకట్టు యోసేపు చూపిన హద్దు

జేసీబీ దానమ్మ దోసపాదుల్లోకి దిగేసరికి పొద్దు బారెడు కూడా ఎక్కలేదు. కాయలు తీగలతో సహా మట్టిలో దొర్లాయి. దానమ్మ పరిగెత్తి బండికి అడ్డం నిలబడింది. కాంట్రాక్టరు నరసింహులు మనిషి ఒకడు ఆమెను రెక్క పట్టుకుని పక్కకు ఈడ్చాడు.

చెరువుకట్ట మీద నిలబడి యోసేపు అంతా చూశాడు. ఆమె అతని చచ్చిపోయిన అన్న భార్య. పాలెం జనం కేకలేస్తూ వస్తున్నారు. అతని కాళ్లు మాత్రం కదల్లేదు.

"కాయితం ఉండాది," అన్నాడు నరసింహులు కారు దిగకుండానే. "నిరుడే సర్వే అయినాది. పాదుల కిందుండే ఆ మట్టిగట్టుకు పైనంతా నా పట్టా. కిందిదే చెరువు. చెరువులో ఏసుకోండి, నేనేమన్నా వద్దన్నానా?"

"కింద ఇంకా నీళ్లుండాయి గదన్నా. దోసకాయలకు ఈత నేర్పియ్యాల్నా?" అన్నాడు డేవిడ్. గిద్దలూరులో ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పే పాలెం మనిషి.

కొందరు నవ్వారు. దానమ్మ నవ్వలేదు. తెగిన తీగను తిరిగి మట్టిలో గుచ్చుతోంది.

నల్లమల వాగులు దిగితే చెరువు నిండుతుంది. మాఘం నాటికి నీళ్లు వెనక్కి తగ్గుతాయి. నీళ్లు వదిలిన నేల మీద పాలెంలోని నలభై ఇళ్లవాళ్లు పైరు పెడతారు. ఒక్కరికీ పట్టా లేదు. కానీ పద్ధతి ఉంది. చాళ్లు నీళ్లకు అడ్డంగా కాదు, నీళ్లలోకి దిగేటట్టు నిలువునా గీస్తారు. నీళ్లు తగ్గేకొద్దీ ఒక్కొక్కరి చాలు పొడుగవుతుంది. మెరక అందరికీ కొంత, తడి అందరికీ కొంత. ఆ చాళ్లు గీసేవాడు నీరుకట్టు. తూము తెరిచేదీ మూసేదీ అతనే. ముప్పై ఏళ్లుగా ఆ పని యోసేపుది.

అందుకే నిరుడు ఎండాకాలంలో సర్వేయరు అతన్నే పిలిపించాడు, నరసింహులు వసారాలోకి.

"యోసేపు గారూ, కూర్చోండి," అన్నాడు నరసింహులు.

అరవై ఏళ్లలో యోసేపు ఆ వసారా మెట్టు మీద కూడా కూర్చోలేదు. కుర్చీకి వీపు ఆనించవచ్చో లేదో తెలియక ముందుకు వంగి కూర్చున్నాడు. గాజు గ్లాసులో టీ వచ్చింది. నిండు చెరువైతే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయని సర్వేయరు అడిగాడు. నరసింహులు నవ్వుతూ గట్టువైపు చూశాడు.

"ఆ గట్టు కాడికి సార్," అన్నాడు యోసేపు. సంతకం చేశాడు.

కరువేళ్లలో నీళ్లు గట్టు దాటని మాట నిజమే. కానీ అడిగింది కరువు సంగతి కాదు. గట్టుకు చాలా పైన, నరసింహులు తుమ్మకంపలో, చెరువు పాత హద్దురాయి పాతి ఉందని అతనికి తెలుసు. ఎవరూ బెదిరించలేదు. రూపాయి ఇవ్వలేదు. అతన్ని తొలిచేది అదే. భయపడి చెప్పినా, ఆశపడి చెప్పినా ఆ తప్పుకు ఒక పేరుండేది. అతను సంతోషపడి చెప్పాడు.

ఈ ఏడు వానలు పడ్డాయి. నీళ్లు గట్టు దాటి, అతని అబద్ధం మీదుగా పైకి వచ్చాయి. కాగితం మాత్రం తడవలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు అందరూ కూడారు. కట్ట దిగువన ఎకరం మడి ఉన్న గురమ్మ కూడా ఊళ్లోంచి వచ్చింది.

"నీకేం పని గురమ్మత్తా? నీ మడి జోలికి రాలేదుగా," అన్నారెవరో.

"ఆ నరసింహులు చెరువును పూడ్చి ప్లాట్లేస్తే నా మడికి నీళ్లు వాళ్ల నాయన తెచ్చిపోస్తాడా?" అంది గురమ్మ.

డేవిడ్ అందరినీ ఊరుకోమన్నాడు. "గట్టే హద్దని చెప్పిన సాక్షి ఒకడుండాడు. రేపు ఆఫీసులో సర్వే కాయితం కాపీ ఇస్తారు. పేరు తెలుస్తాది."

"తెలియనీ, నాలుక కోస్తా," అంది దానమ్మ. "అయినా మనకెందుకు భయం? మా మరిది నీరుకట్టు. మన తరపున ఆయనే చెప్తాడు. లెయ్ మరిదీ."

యోసేపు లేచాడు. రేపటిదాకా ఆగవచ్చు. ఆమె అలా నమ్మకంగా చూడకపోతే ఆగేవాడేమో.

"ఆ సాక్షిని నేనే."

డేవిడ్ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు.

"ఎంతకమ్మినావు పెద్దాయనా?" అన్నాడు డేవిడ్.

"అమ్మలేదు. కుర్చీ ఏసినాడు."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. ఆ వసారా ముందు చేతులు కట్టుకుని నిలబడనివాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.

దానమ్మ కాండ్రించి ఉమ్మేసింది. "నా పాదులు పీకుతాంటే కట్ట మీద నిలబడి చూసినావు గదరా!"

"కొట్టండి. ఊళ్లోంచి ఎల్లగొట్టండి," అన్నాడు యోసేపు. నిజంగానే కొడతారని ఆశపడ్డాడు.

"ఆయన్ను కొడితే హద్దు జరుగుతాదా?" అంది గురమ్మ. "అసలు రాయి యాడుందో అడగండి ముందు!"

మర్నాడు పొద్దున్నే పాలెం, ఊరు కలిసి కొడవళ్లతో, పారలతో కంపలోకి దిగాయి. యోసేపు చూపిన చోట నడుంలోతు తవ్వితే రాయి తల కనబడింది. జనం అరిచారు. ఆ అరుపు కొండకు తగిలి తిరిగొచ్చింది. నరసింహులు కబురుతో వెనకే పోలీసు జీపు వచ్చింది.

"గట్టని సంతకం పెట్టిందీ నువ్వే, రాయని తవ్విచ్చేదీ నువ్వే," అన్నాడు ఎస్సై. "తప్పుడు సాక్ష్యం. ఎక్కు."

యోసేపు రెండు చేతులూ ముందుకు చాచాడు. నిరుటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది. లోపల తోస్తారు, తలుపు వేస్తారు. ఇక ఎవరి మొహమూ చూడనక్కర్లేదు.

ఆ మొహంలోని తేలిక దానమ్మ కంటబడింది. గబగబా వచ్చి అతని చొక్కా పట్టుకుంది.

"యాడికి? ఒక్కడివే పోయి దాక్కుందామనా?" ఎస్సైవైపు తిరిగింది. "సార్, తప్పు చేసింది మా మనిషి. చేయించింది ఎవరో కూడా రాసుకోవాల గదా. ఈయన జీపెక్కడు. మాతో నడిచొస్తాడు. స్టేషన్లో అందరి ముందరా చెప్తాడు."

"ఎంతమంది వస్తారమ్మా?"

"నువ్వే లెక్కపెట్టుకో," అంది గురమ్మ.

జనం కదిలారు. ముందు దానమ్మ, గురమ్మ. నడుమ యోసేపు. ఎవరూ అతని భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఎవరూ అతన్ని వెనకబడనివ్వలేదు.

"వదినా," అన్నాడు చాలాసేపటికి. "నన్ను క్షమించినావా?"

"లేదు," అంది దానమ్మ వెనక్కి తిరక్కుండా. "బిరీన నడువు."

జీపు హారన్ కొడుతూనే ఉంది. రోడ్డంతా నిండిన జనం దానికి దారి ఇవ్వలేదు.